పుస్తకం మూశాక అనుమానం మూతపడుతుందా? - సస్పెన్స్ నవలలు, విశ్వాసి మనసు

మానవుడు స్వభావరీత్యా కుతూహలపరుడు. తర్వాత ఏమైంది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న ప్రశ్నలు పసితనం నుంచే అతని మనసులో మెదులుతుంటాయి. ఈ కుతూహలం సృష్టికర్త అయిన అల్లాహ్ మనిషిలో పెట్టిన ఒక అనుగ్రహం. దీన్ని సక్రమంగా వినియోగించుకుంటే అది విద్య అవుతుంది, పరిశోధన అవుతుంది, సృష్టిలోని సూచనలను గ్రహించే మార్గం అవుతుంది. అదుపు తప్పితే పొరుగువాడి కిటికీలోకి తొంగిచూసే కన్ను అవుతుంది.

సస్పెన్స్ నవలలు, థ్రిల్లర్లు, డిటెక్టివ్ కథలు ఈ కుతూహలం మీదనే బతుకుతాయి. వీటిని చదవవచ్చా, చదవకూడదా అని మన యువకులు, విద్యార్థినులు తరచుగా అడుగుతుంటారు. పెద్దల నుంచి సాధారణంగా రెండు రకాల సమాధానాలు వస్తాయి. కొందరు అదంతా షైతాను పని అని ఒక్క మాటతో తోసిపుచ్చుతారు. మరికొందరు కాలక్షేపమే కదా, చదువుకోనివ్వండి అంటారు. ఈ రెండు సమాధానాలూ అసలు విషయాన్ని తాకడం లేదు. ఆ పుస్తకం చదివిన మనసు ఏ అలవాటుతో బయటికి వస్తోందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

మన ఇళ్ళల్లో జాసూసీ నవలలు

ఈ నవలలు ముస్లిం కుటుంబాలకు కొత్తవి కావు. తెలుగు చదివే ఇళ్ళల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో పేర్లు తెలియని తరం ఒకప్పుడు లేదు. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టులో రోజుకు కొన్ని పైసలిచ్చి తెచ్చుకుని, ఇంట్లో నలుగురూ వంతులు వేసుకుని చదివిన పుస్తకాలవి. ఉర్దూ చదివే ఇళ్ళల్లో ఆ స్థానం ఇబ్నె సఫీది. అలహాబాదు జిల్లాలోని నారా గ్రామంలో 1928లో జన్మించిన అస్రార్ అహ్మద్ ఈ కలం పేరుతో 1952లో 'జాసూసీ దునియా' నవలలు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇమ్రాన్ సిరీస్ రాశారు. 1980లో కరాచీలో మరణించేనాటికి ఆయన నవలలు రెండు వందలు దాటాయి.

ఇబ్నె సఫీ విషయంలో గమనించదగిన సంగతి ఒకటుంది. అశ్లీలం లేకపోతే ఉర్దూలో జనరంజకమైన నవల అమ్ముడుపోదని ఆ రోజుల్లో ఒక అభిప్రాయం ఉండేది. ఆయన దాన్ని సవాలుగా తీసుకుని, అసభ్యతకు తావివ్వకుండానే లక్షలాది పాఠకులను సంపాదించారు. ఉత్కంఠ వేరు, అశ్లీలం వేరు అని ఆయన రచనలు నిరూపించాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి తీర్పు చెప్పేవారు ఈ తేడాను గమనించాలి.

కథ చెప్పడం నిషిద్ధమా?

మక్కాలో నజ్ర్ బిన్ హారిస్ అనే వాడుండేవాడు. ప్రజలు దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వెళ్ళి ఖుర్ఆన్ వినకుండా ఉండాలని అతను పర్షియా రాజుల వీరగాథలు తెచ్చి వినిపించేవాడు. అల్లాహ్ మార్గం నుంచి జనాన్ని తప్పించడానికి వినోదపు మాటలను కొనుగోలు చేసే వారిని గురించి హెచ్చరించే వాక్యం (లుఖ్మాన్: 6) ఈ సందర్భంలోనే అవతరించిందని పలువురు ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు తెలిపారు. ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. నమాజు వేళ దాటిపోతున్నా ఇంకో పది పేజీలే అని కూర్చునేవాడు నజ్ర్ బిన్ హారిస్ సభలో కూర్చున్నవాడికి ఎంత దూరంలో ఉన్నాడో తనను తాను ప్రశ్నించుకోవాలి.

అయితే ఆ వాక్యం కథను కథగా నిషేధించలేదు. కథను అడ్డుగోడగా మార్చి సన్మార్గాన్ని కప్పివేయడాన్ని అది ఖండించింది. ఖుర్ఆన్ స్వయంగా గాథలు చెప్పింది. యూసుఫ్ సూరాను అల్లాహ్ అత్యుత్తమ గాథగా పేర్కొన్నాడు (యూసుఫ్: 3). పదకొండుమంది స్త్రీలు కూర్చుని తమ భర్తల గురించి చెప్పుకున్న పొడవైన కథను హజ్రత్ ఆయిషా (రజి) చెబుతుంటే దైవప్రవక్త (స) ఓపికగా విన్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హజ్రత్ తమీమ్ దారీ (రజి) తన సముద్ర ప్రయాణం గురించి చెప్పిన వృత్తాంతాన్ని ప్రవక్త (స) స్వయంగా మస్జిదులో ప్రజలను కూర్చోబెట్టి వినిపించారు. నెల రోజులు అలల మధ్య దారి తప్పిన ఓడ, తెలియని ద్వీపం, ఒళ్ళంతా వెంట్రుకలతో మాట్లాడే జంతువు, గొలుసులతో బంధించబడిన మనిషి ఆ వృత్తాంతంలో ఉన్నారు. ఇది కల్పన కాదు, సహీహ్ ముస్లింలో నమోదైన వాస్తవం. వింటున్న సహాబాలు ఎంత ఉత్కంఠతో విని ఉంటారో ఊహించుకోవచ్చు. కాబట్టి ఉత్కంఠ దానంతట అది పాపం కాదు. ఆ ఉత్కంఠ మనల్ని ఎటు నడిపిస్తోందన్నదే ముఖ్యం.

జాసూస్, తజస్సుస్ - ఒకే ధాతువు

గూఢచారిని, అపరాధ పరిశోధకుడిని ఉర్దూలో జాసూస్ అంటాము. అల్ హుజురాత్ సూరా 12వ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులకు నిషేధించిన పనుల్లో ఒకదాని పేరు తజస్సుస్. రెండు మాటలూ ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టాయి. ఆ వాక్యంలోని వరుస క్రమాన్ని శ్రద్ధగా గమనించండి. మొదట అనేక అనుమానాలకు దూరంగా ఉండమన్నాడు. కొన్ని అనుమానాలు పాపాలని హెచ్చరించాడు. తర్వాత ఇతరుల గుట్టు వెదకవద్దన్నాడు. ఆపైన పరోక్షనిందను నిషేధించాడు. అనుమానం మనసులో పుడుతుంది. అది కాళ్ళను కదిలించి గుట్టు వెతికిస్తుంది. దొరికిన గుట్టు నాలుక మీదికి వచ్చి పరోక్షనింద అవుతుంది. ఒక మెట్టు మీద కాలు పెట్టినవాడు తర్వాతి మెట్టు మీదికి జారకుండా ఉండడం కష్టం.

ఇప్పుడు డిటెక్టివ్ నవల మన చేత ఏం చేయిస్తుందో చూడండి. ఒక ఇంట్లో హత్య జరిగింది. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. వంటమనిషి మొదలుకుని మేనల్లుడి దాకా ప్రతి ఒక్కరినీ మనం అనుమానించాలి. అతను ఎందుకు తడబడ్డాడు, ఆమె కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయి, తలుపు వెనుక ఎవరు మాట్లాడుకున్నారు అని వెదకాలి. ఆ వినోదమంతా అనుమానించడంలోనే ఉంది. కాగితం మీద ఉన్నవారు కల్పిత పాత్రలు. వారికి పరువు లేదు, వారిని అనుమానిస్తే ఎవరి హక్కూ భంగం కాదు. అందువల్ల పుస్తకం లోపల ఇదొక ఆట మాత్రమే.

చిక్కంతా పుస్తకం బయట మొదలవుతుంది. కళ్ళు ఎర్రబడిన కోడలిని చూసి అత్తగారికి ఏదో తోస్తుంది. భర్త ఫోను మోగి ఆగిపోతే భార్యకు ఏదో తోస్తుంది. భార్య స్నానానికి వెళ్ళగానే భర్త ఆమె ఫోను తెరిచి చూస్తాడు. పైవాటాలో అద్దెకు దిగిన యువకుడు రాత్రి ఆలస్యంగా వస్తే వాడకట్టంతా కథ అల్లుతుంది. వీరిలో ఎవరూ హత్యా నేర పరిశోధకులు కారు. కానీ నవలలు, సినిమాలు నేర్పిన అలవాటు అందరినీ తలా ఒక జాసూస్‌ను చేసింది. అనుమానం అన్నింటికంటే పెద్ద అబద్ధపు మాట అని, దానికి దూరంగా ఉండమని, ఒకరి గుట్టు ఒకరు వెదకవద్దని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం).

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ఉదంతాన్ని మన పండితులు చెబుతూ వచ్చారు. ఒక రాత్రి ఆయన మదీనా వీధుల్లో తిరుగుతుండగా ఒక ఇంట్లోంచి పాట వినిపించింది. ఆయన గోడెక్కి లోపలికి దిగి చూస్తే ఇంటి యజమాని మద్యంతో దొరికిపోయాడు. అప్పుడా వ్యక్తి తాను ఒక తప్పు చేస్తే ఖలీఫా మూడు తప్పులు చేశారని ధైర్యంగా అన్నాడు. గుట్టు వెదకవద్దని అల్లాహ్ చెప్పాడు, మీరు వెదికారు. ఇళ్ళల్లోకి ద్వారాల గుండా రమ్మన్నాడు, మీరు గోడ దూకారు. అనుమతి తీసుకుని సలాం చెప్పి ప్రవేశించమన్నాడు, మీరు అలా చేయలేదు అన్నాడు. ఖలీఫా అతన్ని క్షమించి వెనుదిరిగారు. ప్రజల క్షేమం కోసం గస్తీ తిరిగే ఖలీఫాకే హద్దు ఉన్నప్పుడు, కేవలం కుతూహలంతో గోడలెక్కే మనకు ఎంత హద్దు ఉండాలి!

మొదటి అనుమానం తరచుగా తప్పే

ఇంత చెప్పాక సస్పెన్స్ నవలలన్నింటినీ ఒక చోట పోగేసి తగలబెట్టాలని కాదు. నిజానికి మంచి అపరాధ పరిశోధన కథ మనకొక గొప్ప పాఠం నేర్పగలదు. అలాంటి కథలో పాఠకుడు మొదట ఎవరిని అనుమానిస్తాడో వాడు దాదాపుగా నిర్దోషి అయి ఉంటాడు. కోపిష్ఠిగా కనిపించినవాడు అమాయకుడని, అందరూ మెచ్చుకున్న పెద్దమనిషే దోషి అని చివరి పేజీలో తేలుతుంది. పుస్తకం తర్వాత పుస్తకం ఇదే పాఠం చెబుతుంటే పాఠకుడికి నిజంగా అబ్బవలసిన గుణం ఏది? తన మొదటి అనుమానాన్ని తానే నమ్మకపోవడం. చెడ్డవాడొకడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని, లేకపోతే తెలియక ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా 6వ వాక్యం హెచ్చరిస్తోంది. విచారణ వేరు, అనుమానం వేరు. విచారణ సాక్ష్యం కోసం ఆగుతుంది. అనుమానానికి ఆగే ఓపిక ఉండదు.

యూసుఫ్ సూరాలో ఈ రెండూ కనిపిస్తాయి. సోదరులు చొక్కాకు దొంగ రక్తం పూసి తెచ్చారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఆ కట్టుకథను నమ్మలేదు. అయినా సహనాన్నే ఆశ్రయించారు. తర్వాత ఈజిప్టులో ప్రభువు భార్య నింద మోపినప్పుడు ఆ ఇంటి సాక్షి ఒక కొలమానం చెప్పాడు. చొక్కా ముందు చిరిగి ఉంటే ఆమె మాట నిజం, వెనుక చిరిగి ఉంటే యూసుఫ్ మాట నిజం. చొక్కా వెనుక చిరిగి ఉంది (యూసుఫ్: 26-28). మనిషి హోదాను పక్కనబెట్టి సాక్ష్యాన్ని చూడమని చెప్పే ఈ వాక్యాలకు మించిన అపరాధ పరిశోధన ఏముంటుంది?

మరో సంఘటన మదీనాలో జరిగింది. తుఅమా అనే అన్సారీ వంశస్థుడు ఒక ఇంట్లోంచి కవచాన్ని దొంగిలించి, దాన్ని తీసుకెళ్ళి ఒక యూదుని ఇంట్లో పెట్టాడని వ్యాఖ్యాతలు రాశారు. కవచం పెట్టిన సంచిలోంచి పిండి రాలి దారి పొడవునా చార ఏర్పడిందని కూడా కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. వస్తువు దొరికిన చోటు ఒకటి, దొంగ మరొకడు. తుఅమా బంధువులు తమవాడి పక్షాన గట్టిగా వాదించారు. నేరం యూదునిపైకి వెళ్ళబోతున్న సమయంలో అన్ నిసా సూరా 105వ వాక్యం మొదలుకుని కొన్ని వాక్యాలు అవతరించాయి. ద్రోహుల పక్షాన వాదించవద్దని, తాను చేసిన పాపాన్ని అమాయకునిపై మోపేవాడు ఘోరమైన నింద భారాన్ని మోస్తాడని అల్లాహ్ హెచ్చరించాడు. ముస్లిముగా చెప్పుకున్నవాడు దోషి అని, ముస్లిమేతరుడు నిర్దోషి అని ఆకాశం నుంచి తీర్పు వచ్చింది. ఆ తీర్పును మనం ఈనాటికీ నమాజులో పారాయణం చేస్తున్నాము.

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కోనన్ డోయల్ జీవితంలోనూ ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో జార్జ్ ఎడల్జీ అనే న్యాయవాది ఉండేవాడు. ఆయన తండ్రి బొంబాయి నుంచి వెళ్ళిన పార్సీ సంతతివాడు, క్రైస్తవం స్వీకరించి అక్కడి చర్చిలో బోధకుడయ్యాడు. ఆ ఊళ్ళో పశువులను రాత్రివేళ కోసి చంపుతున్న నేరం 1903లో ఎడల్జీ మీద పడి ఏడేళ్ళ శిక్ష విధించారు. మూడేళ్ళ తర్వాత విడుదలైన ఎడల్జీని డోయల్ కలుసుకున్నప్పుడు, ఆయన వార్తాపత్రికను కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చదవడం గమనించారు. అంత చూపు మందగించినవాడు చీకటిలో పొలాలు దాటి వెళ్ళి ఆ పని చేయడం ఎలా సాధ్యమని వాదిస్తూ పత్రికల్లో వ్యాసాలు రాశారు. 1907లో ప్రభుత్వం ఎడల్జీకి క్షమాభిక్ష ప్రకటించింది. డిటెక్టివ్ కథలు రాసిన మనిషి తన నైపుణ్యాన్ని ఒక అమాయకుని విడిపించడానికి వాడాడు. ఈ నవలలు చదివేవారికి రావలసిన చూపు కూడా ఇదే.

ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వేవారికి

సస్పెన్స్ రచనల్లో చాలాకాలంగా సాగుతున్న ఒక అన్యాయం గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రచయితకు హంతకుడి ఉద్దేశం ఏమిటో తోచనప్పుడు ఒక సులువైన దారి ఉంది. అతను మతి స్థిమితం లేనివాడని చెప్పేస్తే సరిపోతుంది. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన 'సైకో' నవల, మరుసటి సంవత్సరం హిచ్‌కాక్ దాన్ని సినిమాగా తీసిన తర్వాత ప్రపంచమంతటా ఇదొక అచ్చు అయిపోయింది. సైకో అన్న మాట తెలుగులోకి కూడా వచ్చి తిష్ఠ వేసుకుంది. మన నవలల్లో, సినిమాల్లో చివరికి దొరికే హంతకుడు ఏదో పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్నవాడై ఉంటాడు.

హైదరాబాదులో ఈ మాటకు ఒక చిరునామా కూడా ఇచ్చారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఒకప్పుడు జాల్నాలో ఉన్న ఈ ఆసుపత్రి 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. అప్పటినుంచి ఎవరైనా తిక్కగా మాట్లాడితే వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి అనడం తెలుగునాట ఒక సామెతగా మారింది. అదే ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉంది, రైతుబజారు ఉంది, మస్జిదులున్నాయి, వేలాది కుటుంబాలు కాపురముంటున్నాయి. కానీ మా ఇల్లు ఎర్రగడ్డ అని చెప్పగానే ఎదుటివారి పెదవులపై ఒక చిన్న నవ్వు కనిపించడం అక్కడివారందరికీ అనుభవమే. ఆ నవ్వు వారికి పెద్ద బాధ కాకపోవచ్చు. ఆసుపత్రి గోడ లోపల ఉన్న కొడుకు కోసం టిఫిను డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడిన తల్లికి మాత్రం అది శూలంలా గుచ్చుకుంటుంది. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని అల్ హుజురాత్ సూరా 11వ వాక్యం ఆజ్ఞాపిస్తోంది. అనుమానాన్ని నిషేధించిన వాక్యం దాని పక్కనే ఉంది.

ఇక ధర్మశాస్త్రం మతి స్థిమితం లేనివారిని ఏ దృష్టితో చూసిందో గమనించండి. ముగ్గురి విషయంలో కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలిపారు. నిద్రపోతున్నవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి తప్పినవాడు స్పృహలోకి వచ్చే వరకు వారి కర్మలు రాయబడవు (అబూ దావూద్). హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో మతి స్థిమితం లేని ఒక స్త్రీని వ్యభిచార నేరంపై శిక్షకు తీసుకెళుతుంటే హజ్రత్ అలీ (రజి) ఈ హదీసును గుర్తు చేశారు. ఖలీఫా ఆమెను వెంటనే వదిలేయించారు. దేవుని కలం ఎవరి పేరు మీద పాపం రాయకుండా ఆగిపోయిందో, నవలా రచయిత కలం సరిగ్గా వారి పేరు మీదనే లోకంలోని ఘోరాలన్నీ రాస్తోంది! వైద్యులు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. మానసిక వ్యాధిగ్రస్తుల్లో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, పైగా ఇతరుల చేతుల్లో హింసకు గురయ్యే ప్రమాదం వారికే ఎక్కువ.

మతి కాస్త చలించిన ఒక స్త్రీ మదీనాలో ప్రవక్త (స) దగ్గరికి వచ్చి మీతో నాకు పని ఉందని చెప్పింది. ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలో నిలబడి నీ మాట వింటానని ఆయన ఆమెతో అన్నారు. ఆమె చెప్పవలసింది పూర్తయ్యే దాకా పక్కనే నిలబడ్డారు (ముస్లిం). ప్రవక్త అనుచరులు ఈ బాటనే నడిచారు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు కూడా చోటుండేది. మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి రోగులను గొలుసులతో కట్టివేయడాన్ని నిషేధించి, గౌరవంగా బతికే హక్కును గుర్తించింది. చట్టం ఇచ్చిన గౌరవాన్ని మన నోటిమాట తీసివేయకూడదు.

చేతబడి కథల సంగతి

థ్రిల్లర్లలో మరో రకం ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' 1980 ప్రాంతంలో సృష్టించిన సంచలనం ఆ తరం వారికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత చేతబడి, క్షుద్రశక్తుల కథలు తెలుగులో వెల్లువెత్తాయి. జాదూ ఘోరమైన పాపమని, అల్లాహ్ అనుమతి లేకుండా దానితో ఎవరికీ హాని చేయలేరని ఖుర్ఆన్ స్పష్టం చేసింది (అల్ బఖరా: 102). జోస్యుల దగ్గరికి వెళ్ళి అడిగినవాని నలభై రోజుల నమాజు స్వీకరించబడదని హదీసు ఉంది (ముస్లిం). ఇలాంటి కథల వల్ల మిగిలేది కేవలం రాత్రిపూట భయం కాదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో పేద వృద్ధుల పళ్ళు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన సంఘటనలు ఎన్నో జరిగాయి. వాటికి ఒక్క నవలే కారణమని అనలేము. కానీ ఆ మూఢనమ్మకానికి ప్రతి వారం ఒక అధ్యాయం చొప్పున ఎరువు వేసిన బాధ్యత నుంచి వినోదం తప్పించుకోలేదు.

అనుమానం మన గడప తొక్కినప్పుడు

2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మస్జిదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నగరంలో పలువురు ముస్లిం యువకులను అనుమానంతో పట్టుకెళ్ళారు. వారిపై నడిచిన కేసులు నిలబడలేదు, న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడుదల చేశాయి. అప్పటికే కొందరి చదువులు ఆగిపోయాయి, కొందరి సంబంధాలు తప్పిపోయాయి, పొరుగువారి చూపులు మారిపోయాయి. ఆ తర్వాత ఇదే పేలుడు కేసులో నిందితులుగా విచారణ ఎదుర్కొన్న వేరే వ్యక్తులను కూడా 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది.

అనుమానం అనేది ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో మన సముదాయానికి తెలిసినంతగా బహుశా మరెవరికీ తెలియదు. పేరు చూసి, గడ్డం చూసి దోషిగా తీర్మానించే థ్రిల్లర్లు, సినిమాలు వచ్చినప్పుడు మనం బాధపడతాము. ఆ బాధ న్యాయమైనదే. అయితే మనకు జరిగితే అన్యాయమని అనిపించినది, మానసిక రోగికి జరిగినప్పుడు వినోదంగా ఎలా అనిపిస్తుంది? మన కోడలికి, అద్దెకున్నవాడికి, పనిమనిషికి జరిగినప్పుడు జాగ్రత్తగా ఎలా అనిపిస్తుంది? తన కోసం కోరుకున్నదే తన సోదరుని కోసం కోరుకోనంత వరకు ఎవరూ విశ్వాసి కాలేరన్న ప్రవక్త (స) బోధను ఇక్కడే పరీక్షించి చూసుకోవాలి.

కాబట్టి ఏం చేయాలి?

పాఠకులు, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులు ఈ విషయాలను దృష్టిలో పెట్టుకోవడం మంచిది:

1. అశ్లీలాన్ని, క్రూరత్వాన్ని రుచికరంగా వర్ణించే పుస్తకాలను, చేతబడిని గొప్పచేసే పుస్తకాలను ఇంట్లోకి రానివ్వకూడదు. బుద్ధికి పదును పెట్టే, న్యాయం మీద ఆసక్తి పెంచే కథలకు అభ్యంతరం ఉండనవసరం లేదు.

2. ఇషా తర్వాత వ్యర్థమైన కబుర్లు ప్రవక్త (స)కు ఇష్టం ఉండేది కాదు. అర్ధరాత్రి దాకా నవల చదివి ఫజ్ర్ పోగొట్టుకోవడం నష్టాల్లోకెల్లా పెద్ద నష్టం. హంతకుడెవరో రేపు అస్ర్ తర్వాత కూడా తెలుసుకోవచ్చు.

3. పిల్లలు చదివిన కథ గురించి వారితో మాట్లాడాలి. నువ్వు మొదట ఎవరిని అనుమానించావు, ఎందుకు, చివరికి అది ఎందుకు తప్పయింది అని అడగాలి. ఆ ఒక్క సంభాషణతో నవల కూడా పాఠ్యపుస్తకం అవుతుంది. పిల్లల బాగోగులు గమనించడం తల్లిదండ్రుల బాధ్యతే. కానీ ఆ పని వారికి తెలిసేలా, ఎదుట కూర్చుని చేయాలి. చాటుమాటు నిఘా వారికి కూడా చాటుమాటునే నేర్పుతుంది.

4. నిజజీవితంలో ఎవరి మీదనైనా అనుమానం కలిగితే ముందు దానికి ఒక మంచి కారణం వెదకాలి. హజ్రత్ ఆయిషా (రజి) పై అపనింద వ్యాపించినప్పుడు విశ్వాసులు విన్న వెంటనే మంచిగా ఎందుకు తలచలేదని అల్లాహ్ మందలించాడు (అన్ నూర్: 12). ప్రాణానికో, హక్కుకో నిజంగా ప్రమాదం ఉంటే బాధ్యతగల పెద్దలకు, అధికారులకు చెప్పాలి, వాడకట్టుకు కాదు.

5. ఇంట్లో ఎవరికైనా మనసు బాగుండకపోతే దాచిపెట్టి, తాయత్తుల చుట్టూ తిరిగి కాలం వృథా చేయకూడదు. అల్లాహ్ ఏ వ్యాధినీ మందు లేకుండా సృష్టించలేదని, చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. దుఆ చేస్తూనే వైద్యుని దగ్గరికి వెళ్ళాలి.

6. ప్రళయదినాన అల్లాహ్ తన దాసునితో, నేను రోగగ్రస్తుడనైతే నువ్వు పరామర్శించలేదని అంటాడని, నా ఫలానా దాసుడు రోగంతో ఉన్నాడు, అతన్ని పరామర్శించి ఉంటే నన్ను అతని వద్దనే పొంది ఉండేవాడివని చెబుతాడని హదీసు ఉంది (ముస్లిం). ఈ హదీసులోని రోగి అనే మాటలోంచి మానసిక రోగిని మినహాయించే అధికారం మనకెవరిచ్చారు? బంధువుల్లోనో, పొరుగులోనో అలాంటివారు ఉంటే వెళ్ళి పలకరించాలి. వారి కుటుంబానికి తోడుగా నిలవాలి.

చివరి పేజీ

నవలలో ఒక సుఖం ఉంది. ఎంత చిక్కుముడి వేసినా చివరి పేజీలో విప్పుతారు. దోషి దొరుకుతాడు, నిర్దోషి తలెత్తుకుంటాడు. ఈ ప్రపంచంలో అలా జరిగి తీరుతుందన్న హామీ లేదు. ఎన్నో హత్యల్లో దోషులు దొరకరు, ఎందరో అమాయకులు నింద మోస్తూనే సమాధిలోకి వెళతారు. చివరి పేజీ ఇక్కడ లేదు. రహస్యాలన్నీ పరిశీలించబడే రోజున (అత్ తారిఖ్: 9) అది తెరుచుకుంటుంది. ఆ రోజు ఎవరు ఎవరిని చంపారన్న లెక్కతోపాటు, ఎవరు ఎవరిని అకారణంగా అనుమానించారు, ఎవరి గుట్టు ఎవరు వీధిలో పెట్టారు, ఏ అభాగ్యుణ్ణి చూసి ఎవరు నవ్వారన్న లెక్క కూడా బయటికి వస్తుంది. ఒక ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అందరి గుట్టూ బయటపడే ఆ రోజున తన గుట్టు కప్పబడాలని కోరుకోనివాడెవడు?

అల్లాహ్ మన మనసులను దురనుమానం నుంచి, మన కళ్ళను పరుల గుట్టు నుంచి, మన నాలుకలను ఎగతాళి నుంచి కాపాడుగాక! మనసు గాయపడిన ప్రతి రోగికీ స్వస్థతను, వారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.